దీవుల అంకుల్ చుట్టిన సున్నా

ఆయన పోయిన మూడో రోజున పెర్త్ నుంచి వాళ్ళమ్మాయి వచ్చి, మధ్యాహ్నానికల్లా ఇల్లు ఖాళీ చేసింది. హాల్లో అట్టపెట్టెలు మాత్రం మిగిలాయి.

"అక్కా, అన్నీ డాడీ పేపర్సే. డాడీ పనిచేసిన యూనివర్సిటీకి ఫోన్ చేశాను, ఒరిజినల్స్ కాదుగా, మాకొద్దన్నారు. రీసైక్లింగ్ బిన్‌లో ఒకేసారి పట్టవు. మీ చర్చిలో ఎవరికైనా కావాలా?" అంది. పెర్త్ శివారు పియారా వాటర్స్‌లో చిన్నపిల్లల్ని వదిలి వచ్చింది. సోమవారం పొద్దున ఫ్లయిట్.

నేను నాలుగు పెట్టెలు కారులో వేసుకున్నాను. ఆయన మీద గౌరవంతో కాదు, వాటిలో నా గురించి ఏమైనా రాసి ఉంటుందేమోనన్న భయంతో.

మా సంఘంలో ఆయన్ని ఎవరూ పేరు పెట్టి పిలిచేవాళ్ళు కాదు. ఎదురుగా అంకుల్, చాటున దీవులు. "దీవులు వచ్చేశాయా? అయితే ఇవాళ వాక్యం నలభై నిమిషాలు దాటదు" అనుకునేవాళ్ళం. ఎందుకంటే ఆయన వెనక వరసలో చివరి కుర్చీలో కూర్చుని, చేతి గడియారం విప్పి ముందు కుర్చీ వీపు మీద వేలాడదీసేవారు. పాస్టరుగారికి అది కనపడుతూ ఉండేది. నలభై నిమిషాలు దాటితే గడియారం తీసి మళ్ళీ చేతికి పెట్టుకునేవారు, చప్పుడు చేస్తూ.

ఎండ నలభై డిగ్రీలున్నా టై. కాళ్ళకి చెప్పులు. కుడి చెవి మీద పొట్టి పెన్సిల్. ఇరవై ఏళ్ళు మాతో ఆరాధించారుగానీ ఒక్కసారి కూడా ప్రభువు బల్లలో చెయ్యి పెట్టలేదు. రొట్టె పళ్ళెం దగ్గరికొస్తే అరచేయి అడ్డం పెట్టి, "నేను పరిశీలకుణ్ణి. ఓటు లేదు" అనేవారు.

ఆయన నోటికి జడవని వాళ్ళు లేరు. ఒక కుర్రాడు సాక్ష్యం చెప్తూ, "దేవుడు నాకు పీఆర్ ఇచ్చాడు" అని కళ్ళు తుడుచుకుంటే, వెనక నుంచి, "ఇమ్మిగ్రేషన్ వాళ్ళకి కూడా ఒక థాంక్స్ చెప్పవోయ్, నొచ్చుకుంటారు" అన్నారు. నేను చేసిన బిర్యానీ తిని, "అమ్మాయ్, ఈ మేక పునరుత్థానానికి సిద్ధంగా ఉంది. ఇంకా చావలేదు కాబట్టి" అన్నారు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆ బిర్యానీ మళ్ళీ చర్చికి తీసుకెళ్ళలేదు.

భార్యని కూడా అలాగే పరిచయం చేసేవారు. "మా ఆవిడ. ఈమె నా రికార్డు. ఏదీ మర్చిపోదు, ఏదీ అర్థం చేసుకోదు." ఆవిడా నవ్వేది. ఆవిడ సమాధి కార్యక్రమంలో, పెట్టె దించుతుండగా, ఆయన పెన్సిల్ తీసి, పాటలు అచ్చేసి పంచిన కాగితంలో ఒక కామా సరిచేశారు. నేను కళ్ళారా చూశాను. ఆ తర్వాత చాన్నాళ్ళు ఆదివారాలు ఫ్లాస్కుతోపాటు రెండు కప్పులు తెచ్చేవారు. రెండూ నింపేవారు. ఒకసారి జాలిపడి పక్కన కూర్చోబోతే, "అది నీకు కాదు, ముట్టుకోకు" అన్నారు.

దీవుల సంగతి చెప్పాలి. తెనాలి దగ్గర్నుంచి చదువుకోవడానికి కాన్‌బెరా వచ్చిన మనిషి, చరిత్ర పాఠాలు చెప్పి రిటైరయ్యేదాకా ఒక్క విషయమే పట్టుకున్నారు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక, జపాన్ చేతిలోంచి తీసుకున్న పసిఫిక్ దీవుల్ని ఎవరి సంరక్షణలో ఉంచాలని గెలిచిన మిత్రులు, అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, ఒకరికొకరు రాసుకున్న టెలిగ్రాములు. పుస్తకం రాస్తాననేవారు, రాయలేదు. కాపీలు మాత్రం గుట్టలుగా పోగేశారు.

ఓసారి చర్చి వెనక బార్బెక్యూ జరుగుతుంటే, పేపర్ ప్లేటు మీద సాసేజీలు పేర్చి పిల్లలకి పాఠం మొదలెట్టారు. "ఈ పెద్దది అమెరికా. ఇది బ్రిటన్, కొంచెం మాడింది. ఈ పొట్టిది మనం, ఆస్ట్రేలియా. ఇవిగో, ఈ ఉల్లిపాయ ముక్కలు దీవులు. దీవులు మాకిచ్చెయ్యండి, చూసుకుంటామంది అమెరికా. ఆస్ట్రేలియా ఏమంది? ఆగండి, జపాన్‌తో సంధి కుదరనీ, యుద్ధం చేసిన వాళ్ళందరం కూర్చుని ఖాయం చేద్దాం అంది. కాగితం మీద ఒక వాక్యం కూడా పెట్టింది. ఉల్లిపాయల మీద ప్రేమతోనా? కాదు. బల్ల దగ్గర తనకో కుర్చీ కోసం. తర్వాత మర్యాదగా ఆ వాక్యం వెనక్కి తీసేసుకుంది."

అప్పటికి ఎనిమిదేళ్ళ మా అమ్మాయి అడిగింది, "డిడ్ ఎనీవన్ ఆస్క్ ది ఆనియన్స్, తాతా?"

 ఆయన ఉల్లిపాయ ముక్కలన్నీ నోట్లో వేసుకుని నమిలారు.

"నో, డార్లింగ్" అన్నారు.

ఆయన పని చేసే తీరు ఒకసారి వాళ్ళింట్లో చూశాను. ఏ మీటింగు రికార్డు దొరికినా, హాజరైన వాళ్ళ జాబితా ముందు పెట్టుకుంటారు. సరేనన్న వాళ్ళకి ఒక గీత. వద్దన్న వాళ్ళకి ఇంటూ. కొన్ని పేర్ల పక్కన మాత్రం గుండ్రంగా, చాలా శ్రద్ధగా, ఒక సున్నా.

"వీళ్ళెవరు అంకుల్?"

"తప్పని తెలిసీ నోరెత్తని వాళ్ళు."

"తెలుసని మీకెలా తెలుస్తుంది?"

"ఇంటికెళ్ళి రాసుకుంటారుగా అమ్మాయ్, డైరీలో, పెళ్ళానికి ఉత్తరంలో. గదిలో నోరు లేవదు, ఇంటికొచ్చాక పేజీలకి పేజీలు. వీళ్ళే లేకపోతే నాలాంటి చరిత్రకారుడికి కూడు లేదు."

ఇక మా సంగతి. టూంగాబీలో మేం కూడే పాత ఇటుకల చర్చి అక్కడి తెల్లవాళ్ళ సంఘానిది. వాళ్ళు ముసలివాళ్ళు, కొద్దిమంది, పొద్దున తొమ్మిదింటికి ఆరాధన ముగించుకుంటారు. పదకొండింటికి మా తెలుగు ఆరాధన. మధ్యాహ్నం రెండింటికి పక్కనున్న హాల్లో నౌరు దీవి నుంచి వచ్చిన కొన్ని కుటుంబాలు కూడేవి. నౌరు గురించి అంకుల్ ఒకే మాట అనేవారు. "మొదటి యుద్ధంలో ఆస్ట్రేలియా వాళ్ళు జర్మనీ నుంచి విడిపించారు, రెండో యుద్ధంలో జపాన్ నుంచి విడిపించారు. రెండుసార్లూ విడిపించిన వాళ్ళు ఇంటికి పోలేదు."

నౌరు వాళ్ళకి పాస్టరు లేడు. ఐరీన్ అనే పెద్దావిడే వాక్యం చదివేది, ప్రార్థించేది, పాట ఎత్తేది. తెల్ల బట్టలేసుకుని వచ్చి, నేల మీద చాపలు పరిచి, సాయంత్రం దాకా పాడి, కలిసి తిని వెళ్ళేవాళ్ళు. ఆ చాపలు హాల్లోని అలమారలోనే ఉండేవి. వాళ్ళకి ఉన్న దేవుని మందిరం ఆ నాలుగు గంటలే.

ఆదివారం బడి బాధ్యత నాది. మా పిల్లలు పెరిగారు, వెనక గది చాలడం లేదు. హాలు కావాలి, భోజనాలయ్యాక, అంటే సరిగ్గా రెండింటికి. కమిటీకి ఉత్తరం రాసింది నేనే. హాల్లో చేపల వాసన వస్తోందని కూడా రాశాను. ఇంట్లో ఎండుచేపల పులుసు పెట్టుకుని, ఆ చేత్తోనే రాశాను.

మీటింగులో ఐదుగురం. తెల్లవాళ్ళ సంఘ పెద్ద బారీ, ఆయన భార్య, మా పాస్టరుగారు, నేను, దీవుల అంకుల్. ఇంగ్లీషు బాగా రాస్తారని ఆయన్ని కార్యదర్శిని చేశాం. ప్రారంభ ప్రార్థన నన్ను చేయమన్నారు. కన్నీళ్ళతో చేశాను. ఐక్యత ఇమ్మన్నాను, పిల్లల భవిష్యత్తు దీవించమన్నాను.

బారీ మంచివాడు. పచ్చిక కోసి అలాగే వచ్చాడు, బూట్లకి గడ్డి. "ఐరీన్‌ని కూడా పిలిచి అడిగితే బాగుంటుందేమో కదా, మేట్? నిర్ణయానికి ముందు?" అన్నాడు.

 అంకుల్ పెన్సిల్ చెవి మీంచి తీశారు.

"చాలా న్యాయమైన వాక్యం, బారీ. ఒకప్పుడు మీ ప్రభుత్వం కూడా ఇలాంటి వాక్యమే ఒకటి పెట్టింది. తర్వాత వెనక్కి తీసుకుంది. దానివల్ల స్నేహాలు నిలిచాయి."

బారీ నవ్వాడు. "ఫెయిర్ ఇనఫ్" అన్నాడు. వాక్యం వెనక్కి వెళ్ళిపోయింది.

అంకుల్ జేబులోంచి ముందే రాసి తెచ్చిన ఉత్తరం తీసి చదివారు. ఎంత తియ్యటి ఉత్తరం! ప్రియ సహోదరీ సహోదరులారా, దేవుడు మీ సంఘాన్ని వృద్ధి చేస్తున్నందుకు స్తోత్రాలు. మీ అవసరాలకు అన్ని విధాలా తగిన స్థలం మీకు సమకూడాలన్నది మా భారం. ఆ ఏర్పాటు జరిగేవరకు, ఆదివారం మధ్యాహ్నాలు హాలు సంరక్షణ బాధ్యతను మీ భుజాల మీంచి తీసి మేమే సంతోషంగా మోస్తాము. ఎక్కడా వెళ్ళమని లేదు. వెళ్ళాల్సిన తేదీ కూడా లేదు. చదవడం ముగించి ఆయన తల ఎత్తి, ఒక్కొక్కరి ముఖంలోకి చూశారు. చాలాసేపు చూశారు. ఎవరూ ఏమీ అనలేదు. నేను టీ కప్పు అందుకున్నాను.

కారు పార్కింగులో ఉండబట్టలేక అడిగాను. "అంకుల్, ఇన్నేళ్ళు మీరు తిట్టింది ఇలాంటి వాళ్ళనే కదా?"

"తిట్టానా? నేనెప్పుడు తిట్టాను? చదివాను. ఇన్నేళ్ళు చదివితే ఆమాత్రం రాయడం రాదా?"

"మరి తప్పు కదా?"

"తప్పేనా? మంచి పాయింటు. పది నిమిషాల క్రితం లోపల చెప్పాల్సింది." కారు తలుపు తీసుకుంటూ ఆగారు. "ప్రార్థన మటుకు బాగా చేశావమ్మాయ్. ఎంత నేర్పుగా చేశావు! వాళ్ళ పేరు ఒక్కసారి కూడా రాలేదు."

ఆ ఆదివారం ఉత్తరం ఇవ్వడానికి నేనే వెళ్ళాను. నన్ను ముందు వరసలో చాప మీద కూర్చోబెట్టారు. ఐరీన్ కళ్ళజోడు పెట్టుకుని ఉత్తరం ఇంగ్లీషులో చదివింది, ఆ తర్వాత వాళ్ళ భాషలో చెప్పింది. చెప్తుంటే ఆమె గొంతు వణికింది. ఆనందంతో. ఒక ముసలాయన పెద్దగా "ఆమెన్" అన్నాడు. తర్వాత అందరూ అన్నారు. నాకు అర్థం కావడానికి కొంత సమయం పట్టింది. వాళ్ళకి మేమేదో వరం ఇచ్చామనుకున్నారు. కొత్త స్థలం చూపిస్తాం, అందాకా హాలు తుడిచే పని కూడా మేమే చేస్తాం, అనుకున్నారు. లేచి నిలబడి కృతజ్ఞతాస్తుతి పాడారు, నాలుగు గొంతుకలుగా విడిపోయి. నా మెడలో పూలదండ వేశారు. కొబ్బరిపాలలో ఉడికించిన చేప ప్లేటు నిండా పెట్టారు.

"నీకు వండటం మాకు గౌరవం, మై డియర్" అంది ఐరీన్. "ఇంత మంచి ఉత్తరం మాకెవరూ రాయలేదు."

చెప్పడానికి నాకు నోరుంది, సమయముంది. మూడు ముక్కలు చాలు. నేను చేప తిన్నాను. చాలా రుచిగా ఉంది.

మూడు వారాల తర్వాత రెండింటికి మా పిల్లలు హాల్లో పాటలు పాడుతున్నారు. అద్దంలోంచి చూస్తే బయట కారు పార్కింగులో వాళ్ళు నిలబడి ఉన్నారు, తెల్లబట్టల్లో, వంట గిన్నెలతో. నేను బయటికెళ్ళి విషయం చెప్పాను. ఐరీన్ ఉత్తరం సంచిలోంచి తీసి అక్కడే మళ్ళీ చదువుకుంది, పెదాలు కదుపుతూ. ఈసారి అర్థమైంది.

నన్నేమీ అనలేదు. వెనక్కి తిరిగి తన వాళ్ళని చూసి, "దీన్ని వాళ్ళకి చదివి వినిపించింది నేనే కదా" అంది. "ఆమెన్ అనిపించింది నేనే."

చాపలు అడిగింది. నేనే అలమారలోంచి తెచ్చి ఇచ్చాను. కొన్నాళ్ళు ఎవరి గరాజ్‌లోనో కూడారని విన్నాను. పక్కింటివాళ్ళు చప్పుడని ఫిర్యాదు చేస్తే పార్కులో, వాన పడితే లేదు. తర్వాత కొన్ని కుటుంబాలు బ్రిస్బేన్ వెళ్ళిపోయాయి.

ఇది జరిగి ఆరేళ్ళు. అంకుల్‌తో ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు. ఆయన మాత్రం ఆదివారం బడి ముందునుంచి వెళ్తూ, "ఎలా ఉంది నీ దీవి?" అనేవారు.

ఆయన సమాధి కార్యక్రమానికి ఐరీన్ వచ్చింది. ఎవరు చెప్పారో తెలియదు. పక్కన ఒకే ఒక్క మనిషి, అప్పుడు ఆమెన్ అన్న ముసలాయన. వెనక వరసలో, అంకుల్ కూర్చునే చోటే కూర్చున్నారు. అయ్యాక టీ దగ్గర నా చెయ్యి పట్టుకుంది.

"ఉత్తరం రాసింది ఆయనే కదా? మంచి చదువరి. మై డియర్, ఆ ఏర్పాటు ఎంతవరకు వచ్చింది? నేను తొందరపెట్టడం లేదు. ఇప్పుడు మేం ఏడుగురమే. చిన్న స్థలమైనా చాలు."

వెటకారమేమోనని ఆవిడ కళ్ళలోకి చూశాను. కాదు. నిజంగానే అడుగుతోంది. ఆరేళ్ళుగా ఎదురుచూస్తోంది.

"ప్రార్థిస్తున్నాం ఆంటీ" అన్నాను.

"గాడ్ బ్లెస్ యూ" అంది.

ఇంటికి తెచ్చిన పెట్టెల్లో మూడింటిలో టెలిగ్రాములే. నాలుగోదాని అడుగున పల్చటి ఫైలు, మీద 'టూంగాబీ' అని పెన్సిల్‌తో. మిగతా దీవుల ఫైళ్ళకి వాడిన రంగే. లోపల మా మీటింగు రికార్డు. హాజరైనవారు: ఐదు పేర్లు. పాస్టరుగారి పేరు పక్కన గీత. బారీ భార్యకి గీత. బారీకి ఒక ఇంటూ, దాన్ని కొట్టేసి సున్నా. నాకు సున్నా, చాలా శ్రద్ధగా చుట్టింది, పక్కన చిన్న అక్షరాలతో: 'ప్రారంభ ప్రార్థన'. తన పేరుకి రెండు సున్నాలు.

దాని వెనక నాలుగు మడతలు పెట్టిన ఇంకో కాగితం, అదే తేదీతో. ఇది కూడా ఆయన రాసిన ముసాయిదానే. ఆదివారం బడి రెండింటి నుంచి మూడింటి వరకు, నౌరు సంఘం మూడింటి నుంచి ఏడింటి వరకు, హాలు తాళాలు రెండు, ఒకటి ఐరీన్ దగ్గర. అంతే. నాలుగు వరసలు. ఒక్క గంట జరిపితే సరిపోయేది. ఆ మడతలు చొక్కా జేబు కొలతకి ఉన్నాయి. ఎవరైనా వద్దంటే తీద్దామని ఆయన ఆ రోజు దీన్ని కూడా జేబులో పెట్టుకొచ్చారు. మా ముఖాల్లోకి అంతసేపు చూసింది అందుకు. మేం ఎవరం అనలేదు. ఆయనా తీయలేదు.

ఆ రాత కళ్ళ ముందు పెట్టుకుని మోకరించాను. బైబిల్లో, పక్కవాడి ద్రాక్షతోట కాజేయడానికి ఊరి పెద్దలు ముందు ఉపవాసం చాటించిన కథ నేను ఏటా పిల్లలకి చెప్తాను. బొమ్మలతో చెప్తాను. పెద్దల గడ్డాలకి పిల్లలు దూది అంటిస్తారు.

నిజానికి ఇప్పుడు హాలు ఖాళీ. మా కుటుంబాలు చాలావరకు రౌస్ హిల్ వైపు కొత్త ఇళ్ళు కట్టుకున్నాయి, ఆదివారం బడి కూడా అక్కడికే మారింది. రెండింటి తర్వాత టూంగాబీ హాల్లో ఎవరూ ఉండరు.

ఇవాళ శనివారం, పొద్దున కమిటీ కూడింది. నాలుగు మడతల కాగితం బ్యాగులో పెట్టుకెళ్ళాను. సమయాలు కూడా సరిచూసుకున్నాను. పాస్టరుగారు ఎంతో ఉత్సాహంగా ఉన్నారు.

"సిస్టర్, ఆదివారం మధ్యాహ్నాలు హాలు ఊరికే పడుంది కదా, యూత్‌కి బాడ్మింటన్ పెడదామంటున్నారు. బారీకి కూడా ఓకే. మీరేమంటారు? ముందు మీరు ప్రార్థన చేయండి, మొదలెడదాం."

బారీ ఇప్పుడు వీల్‌చెయిర్‌లో వస్తున్నాడు. నావైపు చూసి నవ్వాడు. కాగితం తీస్తే ఎక్కడ దొరికిందంటారు. ఆరేళ్ళు ఏం చేశావంటారు. మెడలో వేసిన దండ సంగతి, తిన్న చేప సంగతి చెప్పాల్సి వస్తుంది. బ్యాగు ఒళ్ళోనే ఉంది. జిప్పు మీద చెయ్యి కూడా వేశాను.

కళ్ళు మూసుకుని ప్రార్థించాను. యౌవనస్థుల కోసం ప్రార్థించాను. చాలా ఆదరణగా ఉందని పాస్టరుగారు అన్నారు. బాడ్మింటన్ ఖాయమైంది.

మధ్యాహ్నం ఇంటికొచ్చి, టూంగాబీ ఫైలులో కొత్త మీటింగు కాగితం పెట్టాను. పెట్టె అడుగున ఆయన పొట్టి పెన్సిల్ దొరికింది. నా పేరు పక్కన సున్నా నేనే చుట్టాను. ఆ తర్వాత కూర్చుని ఇదంతా రాశాను, పేజీలకి పేజీలు.